నిలబడి విన్న నగరం: వియన్నా గురించి పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో నేను గడిపిన పద్దెనిమిదేళ్ల గురించి గత సంచికలో రాసిన వ్యాసానికి పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఉద్యోగాలు, వీసాలు, ఇంటి అద్దెల గురించి అడిగినవారికి విడిగా జవాబులు రాస్తున్నాను. ఆ నగరపు సంగీతం గురించి, వేడుకల గురించి, అక్కడి మనుషుల మధ్య మన బతుకు గురించి వచ్చిన ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాను. ఒకే విషయాన్ని చాలామంది అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే ఎంచుకున్నాను.

ప్రశ్న: మావారి ఉద్యోగరీత్యా ఆర్నెల్ల కిందట వియన్నా వచ్చాం. ఒపెరా భవనం ముందు నుంచి రోజూ ట్రామ్‌లో వెళ్తుంటాను. లోపలికి వెళ్లాలని ఎంతో ఉంది. అది డబ్బున్నవాళ్ల వ్యవహారమనీ, నాకు వాళ్ల భాష రాదనీ వెనకాడుతున్నాను. మావారికి ఆసక్తి లేదు. ఒంటరిగా వెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, వియన్నా (స్వస్థలం కాకినాడ)

జవాబు: వెళ్లండమ్మా, ఒంటరిగానే వెళ్లండి. నేను కూడా మొదటిసారి ఒంటరిగానే వెళ్లాను. ఒపెరా అంటే మన పద్యనాటకంలా పాటలతో నడిచే నాటకమే. ఆ భవనంలో మంచి కుర్చీ ధర రెండు వందల యూరోలు దాటే మాట నిజమే. అయితే అదే భవనంలో నిలబడి చూసేవారికి వందల చోట్లు ఉన్నాయి. వాటి ధర ఇరవై యూరోల లోపే ఉంటుంది. ఆ టికెట్లను ప్రదర్శన రోజు ఉదయం పది గంటలకు అమ్మకానికి పెడతారు. వాటిలో అన్నిటికంటే మంచివి నేల అంతస్తులో, హాలుకు సరిగ్గా నడిమధ్యన, ప్రముఖులు కూర్చునే ప్రధాన ‘బాక్స్’ కింద ఉంటాయి. దేశాధ్యక్షుడికి ఏ కోణంలో రంగస్థలం కనిపిస్తుందో, ఆయన కాళ్ల కింద నిలబడ్డ విద్యార్థికీ అదే కోణంలో కనిపిస్తుంది.

లోపలికి వెళ్లగానే మీ ముందున్న కమ్మీకి ఒక కండువా కట్టుకోండి. అది కట్టిన చోటు మీదే. తర్వాత నిశ్చింతగా బయటికి వెళ్లి కాసేపు కూర్చుని రావచ్చు. అది చాలా పాత ఆచారం, దాన్ని ఎవరూ మీరరు. మొదటి రోజు ఆ సంగతి తెలియక బిక్కముఖంతో నిలుచున్న నా మెడలోని చున్నీని చూపించి, అది అక్కడ ఎలా కట్టాలో నేర్పింది ఒక వృద్ధురాలు. ఆమె అప్పటికి నలభై ఏళ్లుగా అదే కమ్మీ దగ్గర నిలబడుతోంది. ఆ రోజు ప్రదర్శన ‘టోస్కా’. అక్కడ 1958లో తయారుచేసిన రంగాలంకరణతోనే ఆ ఒపెరాను ఇప్పటికీ ఆడుతున్నారు. ఆ తెరలూ ఆ మెట్లూ ఏవీ మారలేదు. దాన్ని ఎన్నిసార్లు చూశారని ఆమెను అడిగితే, లెక్కపెట్టడం మానేశానని చెప్పింది. కథ తెలుసుకోవడానికి కాదు ఆమె వచ్చింది. ఆ రాత్రి పాడబోయే గాయని రెండో అంకంలోని పాటను ఎలా ఎత్తుకుంటుందో వినడానికి వచ్చింది.

అప్పుడు నాకు మా తాతగారి ఊరి పద్యనాటకాలు గుర్తుకొచ్చాయి. కాటిసీనులో పద్యాలన్నీ నోటికి వచ్చిన రైతులే తెల్లవార్లూ నేల మీద కూర్చుని, ఈ నటుడు రాగం ఎంతసేపు నిలుపుతాడో చూసి, నచ్చితే వన్స్‌మోర్ అని అరిచేవారు. వియన్నా ఒపెరా ధనవంతుల వినోదమని అప్పటిదాకా నేనూ నమ్మాను. ఆ నిలుచునే వరసల్లో పదవీ విరమణ చేసిన టీచర్లు, నర్సులు, సంగీత విద్యార్థులు, ట్రామ్ నడిపే మనిషి కనిపించాక ఆ నమ్మకం పోయింది. ఎవరైనా తడబడితే ముందుగా గొణిగేది వాళ్లే. బాగా పాడితే అరుపులు మొదలయ్యేదీ అక్కడి నుంచే.

ఇక భాష సంగతి. ‘టోస్కా’ ఇటాలియన్‌లో ఉంటుంది. మీ పక్కన నిలబడ్డ వియన్నావాసికీ బహుశా ఆ భాష రాదు. ప్రతి చోటుకూ ఎదురుగా చిన్న తెర ఉంటుంది, అందులో ఇంగ్లీషు ఎంచుకుంటే మాటల అర్థం వస్తూ ఉంటుంది. కథ ఇంట్లోనే చదువుకుని వెళ్లి, తెరను పెద్దగా పట్టించుకోకపోవడం మేలని నా సలహా. సెప్టెంబరు నుంచి జూన్ దాకా దాదాపు ప్రతి రాత్రీ ఏదో ఒక ప్రదర్శన ఉంటుంది. ఇవాళ ఆడింది రేపు ఆడరు. కాబట్టి మొదటిది నచ్చకపోతే వారం తిరక్కుండా మరోటి చూడవచ్చు. భవనం చుట్టుపక్కల పాతకాలపు విగ్గులు, కోట్లు వేసుకుని టికెట్లు అమ్మేవారు ఎదురవుతారు. వాళ్లు అమ్మేది పర్యాటకుల కోసం వేరేచోట్ల జరిగే కచేరీల టికెట్లు. ఒపెరా టికెట్‌ను ఒపెరా వారి దగ్గరే కొనండి.

మరొక్క మాట. ఆ భవనం 1869లో మొజార్ట్ రచన ‘డాన్ జొవాన్నీ’తో తెరుచుకుంది. 1945 మార్చి 12న బాంబులు పడి రంగస్థలమూ ప్రేక్షకశాలా కాలిపోయాయి. తిండికే కరువైన ఆ రోజుల్లో కూడా ఒపెరా బృందం వేరే రంగశాలల్లో ప్రదర్శనలు ఆపలేదు. పదేళ్ల తర్వాత, దేశం నుంచి ఆక్రమణ సేనలు వెళ్లిపోయిన ఏడాదే, 1955 నవంబరు 5న బేతోవెన్ ‘ఫిడేలియో’తో మళ్లీ తలుపులు తీశారు. అది చెరసాల నుంచి విడుదలయ్యే ఖైదీల కథ. ఆ రాత్రి గురించి మా వృద్ధ స్నేహితురాలు ఎప్పుడు మాట్లాడినా గొంతు మారేది. ప్రజల డబ్బుతో కట్టిన ఆ భవనం మీద తమకు హక్కుందని నిలుచునేవాళ్లు అనుకుంటారు. అక్కడ పన్ను కడుతున్న మీ కుటుంబానికీ ఆ హక్కు ఉంది.

ప్రశ్న: కచేరిలో తాళం వేస్తూ, నచ్చిన చోట భళా అంటూ వినడం మనకు అలవాటు. వియన్నాలో దగ్గినా తప్పేనని విన్నాను. అలా బిగుసుకుని వింటే సంగీతం ఒంటబడుతుందా? కర్ణాటక సంగీతం నేర్చుకున్న చెవికి వాళ్ల సంగీతం ఎలా అందుతుంది?
— ఒక వయొలిన్ విద్యార్థి, విజయనగరం

జవాబు: మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. మొదటిది మర్యాదకు సంబంధించింది. సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన సుదీర్ఘ రచన. అందులో సాధారణంగా నాలుగు భాగాలు ఉంటాయి. ఒక భాగం ముగిసి మరోటి మొదలయ్యే లోపు చప్పట్లు కొట్టకూడదు. ముజీక్‌ఫెరైన్ అనే కచేరి మందిరంలోని బంగారు హాలులో నా మొదటి కచేరిలో, మొదటి భాగం కాగానే నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ముందు వరసలోనివారు తల తిప్పి చూసిన చూపు ఇంకా గుర్తుంది. అయితే ఈ మౌనం ఆ సంగీతంతో పాటు పుట్టింది కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1778లో పారిస్‌లో తన సింఫనీ జరుగుతుండగా, మొదటి భాగం మధ్యలోనే శ్రోతలు చప్పట్లు కొట్టారని మొజార్ట్ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. ఫలానా చోట కొడతారని ముందే ఊహించి ఆ వరసను రాశానని కూడా చెప్పుకున్నాడు. మౌనం ఆ తర్వాతి శతాబ్దపు అలవాటు. 1897 నుంచి 1907 దాకా వియన్నా ఒపెరాను నడిపిన స్వరకర్త గుస్తావ్ మాలర్ ఆలస్యంగా వచ్చేవారిని లోపలికి రానివ్వకుండా కట్టడి చేశాడు. ఆ మౌనం ఇప్పుడు నాకు ఇష్టం. రెండు వేల మంది ఊపిరి బిగపట్టినప్పుడు ఒక్క తీగ మీద కమాను సన్నగా కదిలే ధ్వని వినిపిస్తుంది. మన సభల్లో మైకులు ఆ ధ్వనిని మింగేస్తున్నాయని బాధగా ఉంటుంది. అలాగే, తని ఆవర్తనం (మృదంగం వంటి లయవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) అయ్యాక ఒక్కసారిగా లేచే చప్పట్ల కోసం నా ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది.

రెండో విషయం చెవికి సంబంధించింది. దీనికి జవాబు నాకు వినడం వల్ల దొరకలేదు, పాడటం వల్ల దొరికింది. వియన్నాలో పేటపేటకూ సామాన్యులు పాడుకునే గాయక బృందాలు ఉంటాయి. మా పేట బృందంలో నన్ను కింది స్థాయి స్త్రీ గొంతుల వరసలో చేర్చుకున్నారు. మనం పుట్టినప్పటి నుంచి ఒకే స్వరధారను వెంబడిస్తాం. అక్కడ పై వరసవారు పాడే అసలు పాటను వింటూనే, దానికి లొంగకుండా, నా వరసలో ఉన్న వేరే స్వరాన్ని పట్టుకుని నిలబడాలి. మూడు నెలలపాటు నా గొంతు నాకు తెలియకుండానే జారి పై వరసలో కలిసిపోయేది. రెండో కష్టం గమకం. స్వరాన్ని ఊపకుండా, గీత గీసినట్టు నిలపమని బృందనాయకురాలు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. గాంధారాన్ని కదలకుండా పట్టుకోవడం మొదట్లో నాకు అపచారంలా అనిపించింది.

ఒక సాయంత్రం నాలుగు వరసలూ సరిగ్గా కలిశాయి. నా స్వరం విడిగా వింటే ఏమీ కాదు. మిగిలిన మూడింటి మధ్య నిలబడ్డాక దానికి ఒక రంగు వచ్చింది. మనం రాగంలో ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్లే దారిలో వెతికే అందాన్ని, వాళ్లు ఒకే క్షణంలో నాలుగు స్వరాలను నిలబెట్టి వెతుకుతారని ఆ రోజు ఒంటికి తెలిసింది. మీరు వయొలిన్ వాయిస్తారు కాబట్టి ఒక పని చేయండి. ఒక సింఫనీ తీసుకుని, పై పాటను వదిలేసి, వియోలాల (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, కింది స్థాయిలో పలికేవి) వరసను మాత్రమే వెంబడిస్తూ పదిసార్లు వినండి. త్యాగరాజస్వామి 1767లో, బేతోవెన్ 1770లో పుట్టారు. ఒకరి గురించి ఒకరికి తెలియకుండా, ఒకే కాలంలో ఒకరు తిరువయ్యారులో తెలుగు కీర్తనలు పాడుతుంటే, మరొకరు వియన్నాలో వినికిడి పోగొట్టుకుంటూ సింఫనీలు రాశారు. ఈ ఇద్దరినీ విన్న చెవి మీకుంటే అది అదృష్టమే.

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే అక్టోబరులో వియన్నాలో చదువుకు వెళ్తోంది. మాది మధ్యతరగతి కుటుంబం. చదువుకే అప్పు చేస్తున్నాం. ఇలాంటి ముచ్చట్లకు డబ్బు పంపలేం. ఖర్చు లేకుండా ఏమైనా చూడగలదా?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: చాలా చూడగలదు, మీరు దిగులుపడకండి. జాతీయ మ్యూజియాలన్నిటిలో పంతొమ్మిదేళ్ల లోపువారికి ప్రవేశం ఉచితం. మీ అమ్మాయి ఆ వయసు దాటినా విద్యార్థులకు రాయితీ ఉంటుంది. వియన్నా నగర చరిత్రను చూపే వీన్ మ్యూజియం శాశ్వత ప్రదర్శన 2023 డిసెంబరు నుంచి అందరికీ ఉచితమే, నేనైతే మొదటి వారంలోనే అక్కడికి వెళ్లమంటాను. 1817లో మొదలైన సంగీత విద్యాలయంలో విద్యార్థుల కచేరీలు ఏడాది పొడవునా జరుగుతాయి, వాటిలో చాలావాటికి టికెట్ ఉండదు. ఆదివారం పదకొండు గంటలకు అగస్టీన్ చర్చిలో జరిగే ప్రార్థనలో హైడన్, మొజార్ట్, షూబర్ట్‌ల రచనలను వాద్యబృందంతో పాడతారు. మతం ఏదని ఎవరూ అడగరు, ప్రార్థన మర్యాద పాటిస్తే చాలు. వేసవిలో నగర మందిరం ముందు పెద్ద తెర కట్టి ఒపెరాలు, కచేరీల చిత్రాలను ఉచితంగా చూపిస్తారు. షోన్‌బ్రున్ రాజభవనం తోటలో వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం ఇచ్చే వేసవి రాత్రి కచేరికి కూడా టికెట్ లేదు.

కుర్చీ, వెచ్చదనం, పుస్తకాలు కావాలంటే గుర్టెల్ రోడ్డు మీద, మెట్రో స్టేషన్‌కు పైన కట్టిన నగర ప్రధాన గ్రంథాలయం ఉంది. దాని మెట్ల మీద కూర్చుని చదివే వందలాది పిల్లల్లో మీ అమ్మాయి కలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త చెప్పండి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం సాయంత్రంలోగా కూరగాయలు కొనిపెట్టుకోవాలి.

ప్రశ్న: అక్కడి బాల్ నృత్యాలకు చీర కట్టుకుని వెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిస్సంకోచంగా వెళ్లవచ్చు. స్త్రీలకు పాదాల దాకా ఉండే దుస్తులు తప్పనిసరి. పట్టుచీర ఆ నియమానికి సరిపోవడమే కాక, చాలా ఆహ్వానాల్లో జాతీయ దుస్తులకు అనుమతి ఉందని రాసి ఉంటుంది. చలికాలంలో నాలుగు వందలకు పైగా బాల్‌లు జరుగుతాయి. వైద్యులది, న్యాయవాదులది, మిఠాయివాళ్లది, కాఫీహౌస్ యజమానులది ఇలా వృత్తికొకటి ఉంటుంది. అన్నిటిలోకీ పేరున్నది ఒపెరా బాల్. అది క్రైస్తవుల భస్మ బుధవారానికి ముందు గురువారం నాడు జరుగుతుంది. ఆ బుధవారం ఈస్టర్‌ను బట్టి మారుతుంది కాబట్టి బాల్ తేదీ కూడా ఏటా మారుతుంది. జంటగా గుండ్రంగా తిరుగుతూ చేసే వాల్ట్స్ నృత్యం నేర్చుకోకుండా వెళ్లకండి. కుచ్చిళ్లు కాస్త ఎత్తి కట్టి, పిన్నులు గట్టిగా పెట్టుకోండి. ఎడమవైపుకు తిరిగే వాల్ట్స్ మొదలైతే మాత్రం పక్కకు తప్పుకోవడం మంచిది, అది అక్కడ పుట్టిపెరిగినవారికే కష్టం.

ప్రశ్న: ఇంత కళాభిమానం ఉన్న నగరమే 1938లో హిట్లర్‌కు జేజేలు పలికింది కదా. ఆ సంగతి మీరు వ్యాసంలో రాయలేదు. అలాగే, విదేశీయులుగా మీకు ఎప్పుడూ అవమానం జరగలేదా?
— పదవీ విరమణ చేసిన చరిత్ర ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న, మాస్టారూ. రాయకపోవడం నా లోపమే. లోకమంతా టీవీలో చూసే కొత్త సంవత్సరం కచేరి మొదటిసారి జరిగింది 1939 డిసెంబరు 31న, నాజీ పాలనలోనే. అంతకు ముందే, ఆ కచేరి చేసే ఫిల్‌హార్మోనిక్ బృందం నుంచి యూదు వాద్యకారులను వెళ్లగొట్టారు. ఆ ఒపెరాను పదేళ్లు నడిపిన మాలర్ యూదు కుటుంబంలో పుట్టినందుకు ఆయన సంగీతాన్ని నిషేధించారు. సంగీతం వినడం వల్ల మనిషి మంచివాడవుతాడని ఇదంతా తెలిశాక నేను అనలేను.

ఈ విషయంలో ఆ నగరం చాలా ఆలస్యంగా నోరు విప్పింది. యూడెన్‌ప్లాట్స్ అనే చిన్న కూడలిలో 2000 సంవత్సరంలో ఒక స్మారకం కట్టారు. అది కాంక్రీటుతో చేసిన గ్రంథాలయం. పుస్తకాల అట్టల వెన్ను లోపలికి ఉంటుంది కాబట్టి ఏ ఒక్కదాని పేరూ చదవలేం, తలుపులకు పిడులుండవు. హతులైన 64 వేలమందికి పైగా యూదుల పేర్లు చెక్కిన రాతిగోడలు 2021లో గానీ వెలవలేదు. మన బంధువులు వియన్నా వచ్చినప్పుడు రాజభవనం తర్వాత నేను వాళ్లను తీసుకువెళ్లేది ఈ గోడల దగ్గరికే. ఫిల్‌హార్మోనిక్‌లో మొదటి స్త్రీ సభ్యత్వం పొందింది కూడా 1997లోనే, 1842లో మొదలైన బృందంలో. నాకు ప్రియమైన విషయాల మీద ప్రేమ తగ్గించుకోకుండానే ఈ సంగతులు చెప్పాలని ఆ నగరంలోనే నేర్చుకున్నాను.

నా అనుభవం అడిగారు. ఒక కచేరి మందిరంలో, పేరు రాయను, నా ముందూ వెనకా వరసలో ఉన్నవారిని వదిలేసి నా ఒక్కదాని టికెట్ మాత్రం రెండుసార్లు తిప్పి చూశారు. ఒక గాయక బృందంలో నా యాస వినగానే చోటు లేదన్నారు. రెండు రోజులు బాధపడి మూడో రోజు మరో బృందానికి వెళ్లాను. పైన రాసిన బృందం అదే. అందరికీ ఇలా రెండో తలుపు తెరుచుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. అక్కడి భాష జర్మన్ నేర్చుకున్నాక నాకు తెరుచుకున్న తలుపులు మాత్రం ఎక్కువ.

ప్రశ్న: వియన్నా కాఫీహౌస్‌లలో ఒక్క కాఫీతో ఎంతసేపు కూర్చోవచ్చు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాళ్లు మూసేదాకా కూర్చోవచ్చు. కాఫీతో పాటు గ్లాసు మంచినీళ్లు ఇస్తారు, మళ్లీ అడగకపోయినా నింపుతారు. చెక్క చట్రానికి తగిలించిన దినపత్రికలు చదువుకోవచ్చు. ఈ సంస్కృతిని 2011లో ఆస్ట్రియా యునెస్కో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చారు. వాకిట పర్యాటకుల వరస ఉన్న చోటికి కాకుండా మీరు బస చేసిన వీధిలో ఉన్నదానికి వెళ్లండి. మన ఫిల్టర్ కాఫీకి దగ్గరగా ఉండాలంటే మెలాంజ్ అడగండి.

ప్రశ్న: ఇన్నేళ్లు వాళ్ల సంగీతంలో మునిగి మన సంగీతాన్ని మరచిపోలేదా? అక్కడ త్యాగరాజ ఆరాధన వంటివి చేసుకుంటారా?
— ఒక సంగీతోపాధ్యాయిని, తెనాలి

జవాబు: మరచిపోలేదమ్మా. ఏటా పుష్య బహుళ పంచమికి దగ్గరగా వచ్చే శనివారం నాడు నాలుగైదు తెలుగు, తమిళ కుటుంబాలు మా ఇంట్లో కలుస్తాయి. ఎలక్ట్రానిక్ తంబురా పెట్టుకుని పంచరత్నాలు పాడుకుంటాం. రాత్రి పది తర్వాత అపార్ట్‌మెంట్‌లలో శబ్దం చేయకూడదు కాబట్టి ఆరు గంటలకే నాట రాగంతో మొదలుపెడతాం. మొదటి ఏడాది వరాళి రాగ కీర్తనలో ఉండగా తలుపు చప్పుడైంది. పై అంతస్తు పెద్దాయన. ఆయన ఒక వాద్యబృందంలో వియోలా వాయించి పదవీ విరమణ చేసిన మనిషి. శబ్దం ఎక్కువైందని చెప్పడానికి వచ్చారనుకుని క్షమించమన్నాను. ఆయన లోపలికి రావచ్చా అని అడిగి, చెప్పులు విప్పి, చాప మీద కూర్చున్నారు.

శ్రీరాగం ముగిశాక, “ఇరవైమంది ఉన్నారు, ఒక్కరూ వేరే స్వరం పాడలేదు. అయినా నాకు లోటు అనిపించలేదు,” అన్నారు. పులిహోర తింటూ, కింద నిరంతరం మోగుతున్న ఆ తంబురా గురించి గంటసేపు ప్రశ్నలు వేశారు. వెళ్లబోతూ వచ్చే ఏడాది తేదీ రాసుకుంటానని జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుందనీ, చంద్రుణ్ణి బట్టి లెక్కకట్టాలనీ, పంచాంగం చూసి చెబుతాననీ అన్నాను. ఇది ఆయనకు వివరించి చెప్పడం కష్టమనుకున్నాను. “ఈస్టర్ లాగానా?” అని అడిగి, ఆ పుస్తకంలో వచ్చే జనవరి పేజీలో పెన్సిలుతో నా పేరు రాసి, పక్కన ఒక చిన్న చంద్రుణ్ణి గీసుకుని పైకి వెళ్లారు.